వానది ఒక దెబ్బ, బజారుది ఇంకో దెబ్బ
(నర్మెట్టలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వాతావరణం మారుతున్నదని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. విత్తనం వేసినప్పుడు వాన రాదు, వడ్లు కల్లంలో పోసినప్పుడు వస్తుంది. 2024 యాసంగిలో మన జనగామ ప్రాంతంలో బోర్లు ఎండి, చేతికి రావాల్సిన వరిలో పశువులను వదిలారు. వాన చేసే నష్టం కళ్ళకు కనబడుతుంది. దాని వెనకే వచ్చి బజారు చేసే నష్టం కనబడదు. ఈ రెండూ నూటయాభై ఏండ్లుగా జోడెడ్ల లెక్క నడుస్తున్నాయి.

1876లో దక్కనులో వానలు ఎగ్గొట్టాయి. మరుసటి ఏడు పసిఫిక్ సముద్రం బాగా వేడెక్కింది. దాన్నే ఇప్పుడు ఎల్‌నినో అంటున్నారు. బళ్ళారి, కర్నూలు, కడప అల్లాడాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో దేశంలో 50 లక్షలకు పైగా జనం చచ్చిపోయారు. ఆ రోజుల్లోనే మన ధాన్యం ఓడలెక్కి ఇంగ్లండుకు పోయింది. వైస్రాయ్ లిట్టన్ ఎగుమతి ఆపలేదు. వ్యాపారంలో సర్కారు చెయ్యి పెట్టొద్దన్నది వాళ్ళ సిద్ధాంతం. కరువు పనిలో మట్టి మోసిన మనిషికి రిచర్డ్ టెంపుల్ ఖాయం చేసిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. వాన తిండిని తగ్గించింది. ఉన్న తిండి ఎవరికి పోవాలో బజారు తేల్చింది.

ఆనాడు గేటు తెరిచి ముంచారు. ఈనాడు గేటు మూసి ముంచుతున్నారు. 2022 మార్చి ఎండలకు ఉత్తరాదిలో గోధుమ దెబ్బతింటే మే 13న ఎగుమతి ఆపారు. 2023 జూలై 20న తెల్లబియ్యం ఎగుమతి నిషేధించారు, ఆగస్టులో ఉప్పుడు బియ్యంపై 20 శాతం సుంకం వేశారు. ప్రపంచ బజారులో అమ్ముడయ్యే బియ్యంలో నూటికి 40 పాళ్ళు మనవే. మనం ఆపగానే థాయిలాండ్, వియత్నాంలో ధర 15 ఏండ్లలో లేనంత పెరిగింది. ఆ ధర మన కల్లానికి రాలేదు. కొనుక్కుని తినే ఆఫ్రికా పేదలకు అన్నం భారమైంది. తెల్లబియ్యంపై నిషేధం 2024 సెప్టెంబరులో గానీ ఎత్తలేదు. దేశంలో పేదల కంచం నిండాలన్నదానికి మేం అడ్డం కాదు. ఆ ఖర్చు సర్కారు భరించాలి, రైతు వడ్ల ధరలోంచి కోయొద్దు అంటున్నాం.

నూనెది ఇంకో తీరు. 1986లో నూనెగింజల మిషన్ పెట్టాక, కొన్నేండ్లకే దేశం తనకు కావాల్సిన నూనెను దాదాపుగా తానే పండించుకుంది. 1994 నుంచి పామాయిల్ దిగుమతికి తలుపు తెరిచారు. ఇప్పుడు మనం తినే మంచినూనెలో సగానికి పైగా బయటిదే. ఆ పామాయిల్ తోటల కోసం ఇండోనేషియాలో అడవులు నరికి తగలబెట్టారు. ఆ పొగ భూమిని వేడి చేస్తుంది, ఆ వేడి తిరిగి మన వానను చెడగొడుతుంది. మన చెలకల్లో మాత్రం నువ్వులు, పల్లి, కుసుమలు ధర లేక వెనకబడ్డాయి. తక్కువ నీళ్ళతో పండే గింజలను పోగొట్టుకుని, నీళ్ళు లేని చోట వరిని నమ్ముకోవాల్సి వచ్చింది.

మిరప కూడా అంతే. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళతో వచ్చిన పంట అది. ఈ రోజు చైనా కొంటే ఎనుమాముల మార్కెట్లో ధర లేస్తుంది, కొనకపోతే పడుతుంది. పంటలు దాటిన దారిలో పురుగులూ దాటుతాయి. ఆగ్నేయాసియాకు చెందిన నల్ల తామర పురుగు 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనబడింది. 2021లో వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం మిరప పూతనంతా ఊడ్చింది. ఎన్ని మందులు కొట్టినా ఆగలేదు, అప్పు మాత్రం మిగిలింది.

అందుకే మనం అడిగేవి మూడు. ఎగుమతి ఆపితే రైతు పోగొట్టుకునే ధర తేడాను సర్కారు కట్టాలి. నువ్వులు, పల్లి, కందులను మద్దతు ధరకు మండలంలోనే కొనాలి. 2020లో రాష్ట్రం ఫసల్ బీమా నుంచి బయటికి రావడంతో ఏండ్ల తరబడి రైతుకు ధీమా లేకుండా పోయింది. కౌలు రైతుకు కూడా అందే పంట బీమా కావాలి.

మన చేతిలో ఉన్నదీ ఒకటుంది. బోరు కింద వరిని కొంత తగ్గించి, ఒక్క ఎకరంలోనైనా ఆరుతడి పంట వేద్దాం. ఊరి విత్తనాన్ని ఊర్లోనే దాచుకుందాం. వానాకాలం మొదలయ్యే లోపు ప్రతి గ్రామసభలో ఈ మూడు కోరికలపై తీర్మానం చేయించి, తహసీల్దారుకు ఇచ్చి రశీదు తీసుకుందాం.