మూత్రంలో రక్తం కనబడితే దాచుకోవద్దు

(బెంగళూరులో మిల్లు కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగం)



ఈరోజు జీతం, బోనస్ సంగతి కాదు. నలుగురిలో చెప్పుకోవడానికి మనం సిగ్గుపడే జబ్బు గురించి మాట్లాడతాను. ఆ సిగ్గే మనవాళ్ల ప్రాణాల మీదికి తెస్తోంది.

నేను మిల్లులో ఉన్న రోజుల్లో రంగుల డిపార్టుమెంటులో హిందూపురం వైపు నుంచి వచ్చిన ఒక అన్న పనిచేసేవాడు. మోచేతుల దాకా రంగే. గ్లవుజులు ఎవరూ ఇవ్వలేదు, మేమూ అడగలేదు. ఆ చేతులతోనే బీడీ, ఆ చేతులతోనే ముద్ద. రిటైరయిన కొన్నేళ్లకు ఆయనకు మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు తాగాడు. రెండు రోజుల్లో తగ్గింది. మూడు నెలలకు మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. ఆసుపత్రికి పోయేసరికి ఏడాది దాటింది. మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ కండలోకి దిగిపోయింది. మూత్రాశయాన్నే తీసేశారు. ఏం పని చేసేవాడివని డాక్టరు అడగలేదు, ఈయన చెప్పలేదు. కాగితాల్లో రంగుల పని మాటే లేదు. పరిహారం పైసా రాలేదు.

ఇది కొత్త సంగతి కాదు. రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు ఈ గడ్డలు వస్తున్నాయని 1895లోనే జర్మనీలో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ చెప్పాడు. బెంజిడిన్, బీటా నాఫ్తైలమిన్ అనే రసాయనాలు దీనికి కారణమని తర్వాత తేలింది. ఆ విషం ఊపిరితో, చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. కిడ్నీలు దాన్ని మూత్రంలోకి పంపుతాయి. మూత్రం గంటల తరబడి నిలిచేది మూత్రాశయంలోనే కాబట్టి దెబ్బ దాని లోపలి పొరకు తగులుతుంది. జబ్బు బయటపడేది పదేళ్లకో, ముప్పై ఏళ్లకో. 1990లలో మన ప్రభుత్వం బెంజిడిన్ రంగులను నిషేధించింది. కానీ అంతకుముందు వాటిలో చేతులు పెట్టినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. బీడీ, సిగరెట్ కాల్చేవాళ్లకు రంగుల పని లేకపోయినా ఈ ప్రమాదం ఉంది.

భయపడమని చెప్పడం లేదు. రక్తం పడితే అంతా క్యాన్సరే కాదు. రాయి కావచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు. క్యాన్సరే అయినా, తొందరగా పట్టుకుంటే చాలామందికి కడుపు కోయకుండా మూత్రనాళం గుండానే గడ్డను గీకి తీసేస్తారు. క్షయకు వేసే బీసీజీ టీకా మందునే కొందరికి మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. గడ్డ మళ్లీ వచ్చే గుణం ఉన్నది కాబట్టి, డాక్టరు రమ్మన్నప్పుడల్లా పోయి చూపించుకోవాలి.

అందుకని నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

ఒకటి: ఒక్కసారి రక్తం కనబడినా, అదే తగ్గిపోయినా, ఈఎస్‌ఐ డిస్పెన్సరీకి పోండి. పెద్ద పరీక్ష అవసరమైతే పెద్దాసుపత్రికి రాయించుకోండి. క్యాన్సర్‌కు మన ఊళ్లోనే కిద్వాయి ఆసుపత్రి ఉంది.

రెండు: అక్కలారా, ఇన్ఫెక్షనేనని మాత్రలిచ్చి పంపినా రక్తం మళ్లీ పడితే ఊరుకోవద్దు. కెమెరా పరీక్ష కావాలా అని అడగండి.

మూడు: ఏ డిపార్టుమెంటులో, ఎన్నేళ్లు, ఏ రంగులతో పనిచేశారో డాక్టరుకు చెప్పి చీటీలో రాయించండి. చట్టంలోని వృత్తి వ్యాధుల పట్టీలో మూత్రాశయపు గడ్డ కూడా ఉంది. కాగితం మీద పని పేరు లేకపోతే కేసు నిలవదు.

నాలుగు: గ్లవుజులు, గాలి లాగే ఫ్యాన్లు, చేతులు కడుక్కునే చోటు, డ్రమ్ముల్లో ఏముందో చెప్పే చీటీ యాజమాన్యాన్ని అడగాలి. ఒక్కరుగా కాదు, అందరం కలిసి.

రిటైరయిన పాత కార్మికులకు కూడా ఈ మాట చేరవేయండి. పని చేసిన రుజువులు, పాత కాగితాలు ఉంటే యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. అర్జీ మేం రాసిపెడతాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!