లూసియానా - తరుగుచున్న తీరము



అమెరికా సంయుక్తరాష్ట్రముల పటమును విప్పినచో, దక్షిణపు టంచున, మెక్సికో సింధుశాఖ యొడ్డున, బూటు ఆకారముగల రాష్ట్రమొకటి కనబడును. అదియే లూసియానా. బాల్యమునుండి పటములను నమ్మినవాఁడను నేను. ఆ బూటు అడుగుభాగము చాలవరకు నీటఁగలిసిపోయినదనియు, పటములుమాత్ర మింకను పాతగీతనే గీయుచున్నవనియు తెలిసినపుడు నాకు మనసు చివుక్కుమన్నది.

ఫ్రెంచివారు 1718లో ఇచ్చట న్యూ ఆర్లియన్సు నగరమును స్థాపించిరి. 1803లో నెపోలియను, నేటి రాష్ట్రముకంటె నెన్నోరెట్లు పెద్దదగు నాటి లూసియానాను కోటి యేఁబదిలక్షల డాలర్లకు అమెరికాకు అమ్మివేసెను. 1812లో ఇది రాష్ట్రమైనది. ఫ్రెంచి వాసన నేఁటికిని పోలేదు. తక్కినచోట్ల కౌంటీ లనఁబడునవి ఇచ్చట పారిష్‌లు, అవి 64.

ఉత్తరమున పైనుచెట్ల యడవులును గుట్టలును గలవు. అన్నిటికంటె నెత్తైన డ్రిస్కిల్ కొండ 535 అడుగులే! దానిని కొండ యనుటకు మన కంతగా నోరు రాదు. రాజధానియగు బేటన్ రూజ్ మొదలుకొని దిగువకు నది వెంబడి చమురుశుద్ధి కర్మాగారములును రేవులును బారులుతీరియుండును. ఎగువ రాష్ట్రముల మొక్కజొన్నయు సోయాయు విదేశములకు ఓడ యెక్కునది యిచ్చటనే. నైరుతిభాగమున వరి పండును. కోఁతలైన మళ్లలో నీరు నిలిపి, క్రాఫిష్ అను రొయ్యవంటి జీవిని పెంచుదురు. మన గోదావరిజిల్లా రైతు ఆ గట్టుపై నిలిచినచో పరదేశమని తలంపఁడు.

న్యూ ఆర్లియన్సు జాజ్ సంగీతమునకు పుట్టినిల్లు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో జన్మించిన యూరు. మార్డీగ్రా ఉత్సవమునకు లోకమంతయు వచ్చును. ఆ ముచ్చట లెన్నియో యున్నవి గాని, నా మనసు నేలమీఁదనే యున్నది.

దక్షిణ లూసియానా మిసిసిపి నది తెచ్చిపోసిన యొండ్రు. సుమారు ఏడువేల యేండ్లుగా నది దారులు మార్చుకొనుచు, వరదవచ్చినపుడెల్ల మట్టి పఱచి, ఈ నేలను పెంచినది. ఒండ్రునేల తనంతఁదాను క్రుంగును. ఏటేట క్రొత్తమట్టి పడినఁగాని నిలువదు. 1927 నాఁటి మహావరద తరువాత ప్రభుత్వము నదికి బలమైన గట్లు పోసెను. ఊళ్లు బ్రతికినవి, నేలకు మట్టి యందలేదు. చమురుకొఱకు త్రవ్విన కాలువలగుండ ఉప్పునీరు చొచ్చి గడ్డిని చంపెను. 1932 మొదలు 2016 వఱకు దాదాపు 2,000 చదరపుమైళ్లు కడలి పాలయ్యెను. తుపానుల నాపవలసిన చిత్తడినేల పలుచఁబడినది. 2005 ఆగష్టు 29న కత్రీనా తుపాను వచ్చినపుడు గట్లు తెగి, న్యూ ఆర్లియన్సులో నూటికి 80 పాళ్లు మునిఁగెను.

జీన్ చార్లెస్ దీవిలోని ఆదిమజాతివారి సంగతి వినుఁడు. 1955 తరువాత వారి దీవి నూటికి 98 వంతులు మాయమైనది. 2016లో కేంద్రప్రభుత్వము 4 కోట్ల 80 లక్షల డాలర్లీయఁగా, 2022లో పలుకుటుంబములు ఉత్తరమున క్రొత్తయూరికిఁ దరలినవి. తాతల సమాధులు వెనుకనే యుండిపోయినవి.

గట్టునకు తూముపెట్టి నదిమట్టిని మరల బరటేరియా చిత్తడికి మళ్లింపవలెనని 2023లో పని ప్రారంభించిరి. మంచినీరు వచ్చినచో ఆలిచిప్పలు చచ్చునని జాలరు లడ్డుపడిరి. వారి కూటిమాట వారిది, నేను తప్పుపట్టఁజాలను. ఖర్చును పెరిగెను. 2025 జూలైలో రాష్ట్రప్రభుత్వ మా పనిని మానుకొన్నది. బరటేరియాకుఁ జేరవలసిన మట్టి గట్లనడుమనే సాగి, సింధుశాఖ లోఁతులలోఁ బడుచున్నది.