నిండు రాత్రి విశ్రాంతి

(టాటానగరులో జరిగిన రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పనిగంటలను గూర్చి మాట్లాడుటకు ఈ ఊరు మిక్కిలి తగిన చోటు. ఇక్కడి ఉక్కు కర్మాగారములో 1912వ సంవత్సరముననే 8 గంటల పనిదినము అమలులోనికి వచ్చినది. అప్పటికి మన దేశమున 1911 నాటి ఫ్యాక్టరీ చట్టము బట్టల మిల్లులలోని పురుషులకు 12 గంటల హద్దును మాత్రమే విధించియుండెను. అమెరికాలో యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కంపెనీ 12 గంటల షిఫ్టును 1923 వరకు వదలలేదు. జీతముతో కూడిన సెలవు కూడ 1920లో ఇక్కడ వచ్చినది. ఇదంతయు యజమానుల ఔదార్యమేనని చెప్పువారు కలరు. అట్లయినచో అదే కర్మాగారములో 1920, 1922, 1928 సంవత్సరములలో సమ్మెలు ఏల జరిగినవో కూడ వారే చెప్పవలసియున్నది.

ఆ కర్మాగారమునకు నోవాముండి గనుల నుండి ఖనిజము తెచ్చు రైలువాని గడియారము మాత్రము వేరుగ నడచినది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వాషింగ్టనులో తన మొదటి ఒడంబడికను చేసినప్పుడు రోజుకు 8 గంటలు, వారమునకు 48 గంటలని వ్రాసినది. బ్రిటిష్ ఇండియాకు మాత్రము ప్రత్యేకముగ వారమునకు 60 గంటలని వ్రాసి, రైల్వే పనులలో కొన్నిటిని కూడ ఆ లెక్కలోనే చేర్చినది. 1930లో రైల్వే చట్టమును సవరించినప్పుడు ఆ 60 గంటలే మనకు దక్కినవి. ఎడనెడ పని యుండు వారికి 84 గంటలు. రైలు నడుపువారిని ఆ నిబంధనలకు వెలుపలనే ఉంచిరి. 1947 నాటి రాజాధ్యక్ష తీర్పుతో ఈ అంకెలు తగ్గినవి. ఇంటెన్సివ్ వారికి 45, కంటిన్యువస్ వారికి 54, ఇంటర్మిటెంట్ వారికి 75. నేటి 1989 చట్టములో గరిష్ఠ పరిమితులుగ నిలిచియున్నవి ఆ అంకెలే.

ఈ తగ్గింపులలో ఏదియు అడుగక వచ్చినది కాదు. మన తెలుగువాడు, తరువాతి కాలమున రాష్ట్రపతియైన వి.వి. గిరిగారు కార్మికులను కూడగట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే మీదనే ఈ టాటానగర్ స్టేషను ఉన్నది. శ్రీకాకుళము, విశాఖ ప్రాంతముల నుండి ఆ రైలు పట్టాల వెంబడియే మన పెద్దలనేకులు ఇక్కడికి చేరిరి. 1973 ఆగస్టులో లోకో సిబ్బంది సమ్మె చేసిన పిమ్మట రన్నింగ్ డ్యూటీకి 10 గంటల హద్దును ప్రభుత్వము అంగీకరించినది. 1974 మే 8 నుండి 27 వరకు జరిగిన సమ్మెలో 8 గంటల పనిదినము ముఖ్యమైన కోరికలలో నొకటి. ఆ ఇరువది దినములు క్వార్టర్లలో స్త్రీలు పడిన బాధ ఈ సభలోని పెద్దలకు జ్ఞాపకముండును.

ఇంతవరకు చరిత్ర. ఇక ఇంటి సంగతికి వచ్చెదను. గంటలు తగ్గినంత మాత్రమున ఇంటికి మనిషి దక్కునా?

1989 చట్టము 133వ సెక్షనులో రన్నింగ్ సిబ్బందికి నెలకు 30 గంటల విశ్రాంతి నాలుగుసార్లు గాని, 22 గంటల విశ్రాంతి ఐదుసార్లు గాని, ఒక నిండు రాత్రి చేరియుండునట్లు ఇయ్యవలెనని ఉన్నది. వినుటకు బాగుగనే యున్నది. లెక్క వేసి చూడుడు. మంగళవారము ఉదయము 6 గంటలకు గూడ్సు బండి దిగినవాడు 30 గంటలు ముగియగనే బుధవారము మధ్యాహ్నము 12 గంటలకు మరల సిద్ధము కావలెను. మంగళవారము పగలు నిద్రలో గడచును. పిల్లలు బడి నుండి వచ్చువేళకు లేచును. ఆ సాయంకాలమొక్కటియే ఇంటిది. మరునాడు పిల్లలు బడికి పోవుదురు, ఇతడు సంచి సర్దుకొనును. కాగితము మీద వారపు విశ్రాంతి పూర్తియైనది! చట్టములోని నిండు రాత్రి కూడ దక్కినది. నిండు పగలు మాత్రము దక్కలేదు.

2024 జూన్ మాసమున దక్షిణ రైల్వేలోని లోకో పైలట్లు అడిగినది దీనినే. డ్యూటీ దిగిన తరువాత హెడ్‌క్వార్టర్సులో ఇచ్చు 16 గంటలను వారపు విశ్రాంతిలో కలిపివేయక, దాని పైన 30 గంటలు, మొత్తము 46 గంటలు కావలెనని వారి వాదము. ఆ లెక్కన మన మంగళవారపు మనిషి గురువారము తెల్లవారుజామున 4 గంటల వరకు ఇంట నుండును. బుధవారము పగలెల్ల అతనిది, అతని వారిది. 46 అను అంకెలో ఉన్నది ఆ ఒక్క పగలే. అది విలాసమా?

తపాలా సోదరుల బాధ మరొక విధమైనది. 1985లో కేంద్ర ప్రభుత్వ పరిపాలనా కార్యాలయములకు ఐదు దినముల వారము వచ్చినది. తపాలా కౌంటరునకు, బట్వాడా చేయు పోస్టుమానుకు అది రాలేదు. వెనుక తంతివాడు రాత్రివేళ ఇతరుల తలుపు తట్టెడివాడు. తంతి 2013 జూలైలో నిలిచిపోయినది. ఇప్పుడు సెల్‌ఫోను మన తలుపే తట్టుచున్నది. భోజనము వేళ పొదుపు ఖాతాలెన్ని తెరిచితిరని, పాలసీలెన్ని కట్టించితిరని అడుగు సందేశము వచ్చిన యెడల ఆ గంట ఎవరి ఖాతాలో వ్రాయవలెను? డ్యూటీ ముగిసిన పిమ్మట వచ్చు ఇట్టి పిలుపులకు హద్దు పెట్టించుట కూడ పనిగంటల పోరాటమే.

ఇప్పుడు మనవైపు చూతము. కిలోమీటరు లెక్కన వచ్చు అలవెన్సు ఇంట నున్న దినమున అట్లే రాదు. కనుక విశ్రాంతిని వదలుకొని బండి ఎక్కువారు మనలో కలరు. వారిని నేను నిందింపను. ఇంటి అప్పు, ఆడపిల్ల చదువు నాకును తెలియును. కాని ఒకడు అమ్ముకొన్న విశ్రాంతి, రెండవవాడు అడిగినప్పుడు అధికారి చేతిలో జవాబగును: “అతడు పోలేదా, నీవేల పోవు?” అని. అట్లే 300 దినముల సెలవును నిలువచేసి పదవీ విరమణ నాడు రొక్కము పుచ్చుకొనుట తెలివియే. ఆ లోపల పిల్లవాడు పదవ తరగతి దాటిపోవును, ఊరిలోని తల్లి మూడు సంక్రాంతులు ఎదురుచూచును.

లైను బలహీనముగ నున్నచోట కాషన్ ఆర్డరు చేతికి వచ్చినచో ఏ డ్రైవరును వేగము తగ్గించుటను నామోషీగ భావింపడు. తగ్గింపనివాడే దోషి. ఇంటి విషయమున మాత్రము ఆగని వాడినే కష్టజీవి యని పొగడుచున్నాము.

సోదరీమణులు ఒక ప్రశ్న వేసినారు: మా డ్యూటీకి వారపు విశ్రాంతి ఏ సెక్షనులో ఉన్నదని. దానికి నావద్ద జవాబు లేదు. భర్త ఏ వేళకు దిగిన ఆ వేళకు అన్నము వండి, పగలు అతడు నిద్రించునప్పుడు పిల్లల నోరు మూయించి, రాత్రి కాల్ వచ్చినప్పుడు తానే ముందు లేచువారు వీరు. ఇంటికి వచ్చినవాడు ఒక పూట వంట చూచుకొన్నచో ఏ నిబంధనయు అడ్డురాదు.

నిబంధనలలో ఉన్నదానిని కూడ వాడుకొనుటలేదు. బిడ్డ పుట్టినప్పుడు తండ్రికి 15 దినముల సెలవు కలదు. ఆరు మాసముల లోపల తీసికొననిచో పోవును. ఉద్యోగినులకు 2008 నుండి శిశు సంరక్షణ సెలవు, సర్వీసు మొత్తములో 730 దినములు కలదు. 2018 నుండి ఒంటరి తండ్రులకు కూడ వర్తింపజేసిరి. మొదటి 365 దినములకు పూర్తి జీతము, తరువాతి వానికి 80 శాతము. దరఖాస్తు తిరస్కరించినచో వ్రాతపూర్వకముగ కారణము కోరుడు. ఆ కాగితము మాకు తెచ్చి ఇండు.

శాఖ ముందు రెండు ప్రతిపాదనలు ఉంచుచున్నాను. మన కార్యవర్గ సమావేశములు ఇకమీదట ఆదివారము సాయంకాలము జరుపరాదు. ఇంటి పూటను సంఘమే తినివేయుచు ఇతరులను ప్రశ్నింపలేదు. రెండవది, విశ్రాంతి దక్కని ప్రతి వారము వివరము, అనగా దిగిన గంట, మరల ఎక్కిన గంట, పిలిచిన విధము వ్రాయుటకు ఒక రిజిస్టరు తెరచుట. తపాలా వారికి అందులోనే వేరు పుటలు కేటాయించితిమి. రిజిస్టరు ఇచట బల్ల మీదనే ఉన్నది. భోజనములకు లేచుటకు ముందు గత మాసపు వివరములు వ్రాయగలవారు వ్రాయుడు. తారీఖులు ఇంటివారికే బాగుగ జ్ఞాపకముండును గనుక వారిని కూడ ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు.