నలుపా? వెండి వన్నెయా?

మా పామిడిముక్కలలో నా మనుమడు కెమేరా కొనబోవుచు, “తాతగారూ, నల్లనిది కొందునా, వెండి వన్నెది కొందునా?” అని యడిగెను.

రంగేదైనను చిత్రమున భేదముండదు. 1925లో వెలువడిన లైకా నల్లనిది. 1933 మొదలు క్రోము పూతయు వచ్చెను. ఆనాటి యిత్తడి పెట్టెలపై నల్లరంగు అరిగినచో లోని పసిమి బయటపడెడిది, క్రోము గట్టిది. మఱియు నలుపు ఎండను పీల్చి వేడెక్కును. మా రోహిణికార్తె నెఱిగినవాడను గనుక వెండి వన్నెయే మేలంటిని.

మనుమడు మిత్రుని యొద్దనుండి అట్టిదానినే యెరువు తెచ్చెను. మంచము పట్టియున్న నా యర్ధాంగి దాని తళుకు చూచి కొంగు మొగమునకు అడ్డము పెట్టుకొనెను. మఱునాడు నల్లనిది తెచ్చెను. ఆమె దానిని గమనింపక, వానితో మాటలాడుచు నవ్వెను. ఆ నవ్వే నేడు మా గోడపై నున్నది. కొన్నది నల్లనిదే.