కోపము ఎవరి 'మీద'?
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠము)

 

75 సంవత్సరముల పండుగనాడు వ్యాకరణ ప్రసంగ మెందుకని కొందరు తలపవచ్చును. కారణమున్నది. ఇక్కడ చదివి కళాశాలలో చేరిన మన విద్యార్థిని యొకతె మొదటి వారముననే స్నేహితురాలితో 'అయామ్ యాంగ్రీ ఆన్ యు' అన్నదట. తరగతి యంతయు నవ్వినది. ఆ యేడాది ఆమె మరల ఆంగ్లమున నోరు విప్పలేదు. నవ్వినవారిని నేను నిందింపను. పదము నేర్పి, దాని తోడు పదమును నేర్పని లోపము మనది.

ఆమెది తెలివితక్కువతనము కాదు. తెలుగున కోపము 'మీద' వచ్చును. చుట్టూ వినబడు తమిళమునను 'మేల్' అనియే అందురు. రెండు భాషలును ఆమెను 'ఆన్' వైపునకే నడిపించినవి. ఆంగ్లమున మనిషిపై కోపమైనచో 'యాంగ్రీ విత్', విషయముపై నైనచో 'యాంగ్రీ ఎబౌట్' అనవలెను. 'ఎట్' అనునది రెండింటికిని చెల్లును.

భయమును చూడుడు. ఈ చెన్నపట్టణముననే తెలుగు బోధించిన చిన్నయసూరి బాలవ్యాకరణమున భయహేతువునకు 'వలన' విధించినాడు. ఆ 'వలన'ను 'ఫ్రమ్' చేసి 'అఫ్రెయిడ్ ఫ్రమ్' అనరాదు. 'అఫ్రెయిడ్ ఆఫ్' అనవలెను. 'ప్రౌడ్', 'అషేమ్డ్', 'ఫాండ్' అను పదములును 'ఆఫ్'నే కోరును. ఆసక్తికి 'ఇంట్రెస్టెడ్ ఇన్', దిగులునకు 'వర్రీడ్ ఎబౌట్', ఆశ్చర్యమునకు 'సర్‌ప్రైజ్డ్ ఎట్' లేక 'బై' వచ్చును.

కొన్నిచోట్ల తోడు మారిన భావమే మారును. 'హ్యాపీ విత్ హర్ వర్క్' అనిన ఆమె పనితో తృప్తి. 'హ్యాపీ ఫర్ హర్' అనిన ఆమెకు కలిగిన మేలును చూచి ఆనందము. 'సారీ ఎబౌట్ ద మిస్టేక్' అనిన తప్పునకు విచారము. 'ఐ ఫీల్ సారీ ఫర్ హర్' అనిన ఆమెపై జాలి.

వీనికన్నింటికి తర్క మడుగరాదు. అమ్మ 'మీద' ప్రేమ, చదువు 'పట్ల' శ్రద్ధ, పులి 'అంటే' భయము అని మనమును తర్కము వెదకి పలుకుట లేదు; విని నేర్చితిమి. కావున ఉపాధ్యాయులకు నా మనవి: విశేషణమును ఒంటరిగా నల్లబల్లపై వ్రాయకుడు. దాని తోడుతో వ్రాసి, ప్రతి బిడ్డచేతను తన అనుభవము నుండి ఒక వాక్యము చెప్పింపుడు. తప్పు పలికినచో నవ్వనీయకుడు. తెలుగు వాక్యమును ప్రక్కన నుంచి భేదము చూపుడు. 'డుమువులు ప్రథమా' అని వల్లించిన బిడ్డకు చిన్న ప్రత్యయము విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

మన బిడ్డ పరుల నడుమ తడబడక 'అయామ్ ప్రౌడ్ ఆఫ్ మై స్కూల్' అని పలికిననాడు మన శ్రమ ఫలించినట్లే. సెలవు.