సామాను చాటున గోడ

ఇంటికి వెల కట్టువారు వచ్చుచున్నారన్న వార్త తెలియగనే ఇంటివారికి తోచు మొదటి పని ఇల్లు సర్దుట. సర్దుటకు వీలు లేనిచో కలుగునది సిగ్గు. సర్దిన ఇల్లును, సర్దని ఇల్లును కూడ వెల కట్టువానిని సమానముగనే తప్పుదారి పట్టింపగలవు. ఆ సంగతినే నేడు శ్రోతలతో ముచ్చటింప దలచితిమి. మేము ఇంజనీరులము కాము. మైకు ముందు కూర్చుండి మాటలాడుట మా వృత్తి. కాని కొంతకాలము క్రిందట ఒక కుటుంబపు భాగపరిష్కారములో పెద్దమనుషులలో ఒకరముగా కూర్చుండవలసి వచ్చినది. ఈ విషయమును అక్కడ కొంత నేర్చుకొంటిమి. నేర్చుకొనుటకు ముందు కొంత పొరబడితిమి కూడ.

ఆ ఇల్లు తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి చేరువ వీథులలో ఒకదానియందున్నది. ముందుభాగము టేకు దూలములపై ఇటుకను, సున్నమును పరచి వేసిన పాత మద్రాసు మిద్దె. వెనుక రెండు గదులు తరువాతి కాలమున వేసిన సిమెంటు స్లాబు. తండ్రి గతించెను. పెద్దకొడుకు తల్లితో అక్కడనే కాపురమున్నాడు. చెల్లెండ్రిద్దరిలో ఒకరిది చిత్తూరు, ఒకరిది పలమనేరు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరు జిల్లా అయినది గాని, చుట్టరికములకు ఆ ఎల్లలు లేవు కదా.

తిరుపతి కాపురములలోని సామానును గూర్చి ఈ ప్రాంతపు శ్రోతలకు వేరుగ చెప్పనక్కరలేదు. కొండకు వచ్చు బంధువులు ఏడాది పొడవునను దిగుచుందురు. వారికొరకు పరుపులు, చాపలు, దిండ్లు, పెద్ద గుండిగలు ఇంట ఉండి తీరవలెను. ఆ ఇంట వీనికి తోడు చేనినుండి వచ్చిన వేరుసెనగ బస్తాలు, చింతపండు తట్టలు, తండ్రిగారు దాచిన వార్తాపత్రికల కట్టలు, మూలబడిన కుట్టుమిషను. నడవలో మనిషి ప్రక్కకు తిరిగి నడువవలసినదే.

ఇంటిని మూడు ముక్కలుగా కోయుటకు వీలులేదు. అట్టి చిక్కు కొరకే 1893 నాటి విభజన చట్టము ఒక మార్గమును చూపినది. సగమునకు తక్కువ కాని వాటాదారులు అమ్మకము కోరినప్పుడు, మరియొక వాటాదారు వారి భాగమును తానే కొందుననినచో, న్యాయస్థానము వెల కట్టించి ఆ వెలకు అతనికి ఇప్పింపవలెను. కోర్టు గడప త్రొక్కకుండ తేల్చుకొనువారును ఇంచుమించుగ ఈ పద్ధతినే అనుసరింతురు. పూర్వము ఈ లెక్క అన్నదమ్ముల మధ్యనే జరిగెడిది. 1985 సెప్టెంబరు 5 నుండి అమలైన ఆంధ్రప్రదేశ్ సవరణతో అవివాహితలైన ఆడబిడ్డలకును, 2005 నాటి కేంద్ర సవరణతో ఎల్ల ఆడబిడ్డలకును ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానమైన హక్కు కలిగినది. కనుక ఇంటిలోనున్న అన్న కొనువాడు, పొరుగూళ్ళలోనున్న చెల్లెండ్రు అమ్మువారు. వెల తగ్గినచో అన్నకు లాభము. పెరిగినచో చెల్లెండ్రకు లాభము. ఇంటిలోని సామాను ఈ లెక్కలో ఎవరి పక్షమున నిలుచునో చూడుడు!

మొదట వచ్చిన పెద్దమనిషి ద్వారము వద్దనే ముక్కు చిట్లించెను. ఇరువది నిమిషములలో చుట్టి చూచి, ఇంటి స్థితి హీనమని వ్రాసి, వయస్సును బట్టి పోవు తరుగు గాక కట్టడపు విలువలో మరి నాలుగవ వంతు తగ్గించెను. మేమును తల యూపితిమి. ఆ నడవలో నడచిన ఎవరైనను ఊపియుందురు. పలమనేరు చెల్లెలు మాత్రము ఒక ప్రశ్న వేసినది: “మూటలు అమ్మవి, గోడలు నాయనవి. ఆయన దేన్ని చూసి రాసినాడన్నా?”

ఆ ప్రశ్నకు మావద్ద సమాధానము లేకపోయినది.

వెల కట్టు విధానము నిజమునకు ఎంతో సులభమైనది. నేల వెల వేరు, కట్టడపు వెల వేరు. నేలకు తరుగు లేదు. కట్టడమును నేడు మరల కట్టుటకు 20 లక్షలు అగుననుకొందము. ఆయువు 60 ఏండ్లు, గడచినవి 30. చివరకు మిగులు ఇటుక, కలప, ఇనుముల విలువకై నూటికి 10 వంతులు విడిచినచో తక్కినది 18 లక్షలు. అందు సగము, అనగా 9 లక్షలు, తరుగు. నిలుచునది 11 లక్షలు. దీనిపైన గోడల బీటలు, కప్పు పెచ్చులు, చెమ్మ, చెదలు, నీటి గొట్టములు, విద్యుత్తు తీగలు చూచి హెచ్చుతగ్గులు చేయవలెను. ఈ వరుసలో ఎక్కడను పరుపులకు గడి లేదు. అవి చరాస్తి, మనుషులతో వచ్చినవి, మనుషులతో పోవునవి.

అట్లని సామాను నిరపరాధి అనుటకును వీలులేదు. చెల్లెండ్రు పిలిపించిన రెండవ ఆయన, ఉద్యోగము విరమించిన ఇంజనీరు, ఆ విషయమును మాకు కన్నులకు కట్టినట్లు చూపెను. ఆయన ఇల్లు ఖాళీ చేయుడని కోరలేదు. ప్రతి వస్తువును గోడకు మూరెడు దూరము జరుపుడని మాత్రము కోరెను. తల్లి నొచ్చుకొని, “ఇల్లు ఇట్ల ఉండాదని ఏమీ అనుకోవద్దు నాయనా” అనినది. “నేను సామాను చూడను తల్లీ, గోడ చూస్తా” అని ఆయన టార్చిలైటు వెలిగించెను.

పత్రికల కట్టల వెనుక ముందుగది గోడ ఎముకవలె పొడిగా నున్నది. నిచ్చెన వేయించి, గోడలో దూరిన దూలముల కొనలను ములుకుతో పొడిచి చూచెను. మద్రాసు మిద్దెలకు మొదట చేటు వచ్చునది అక్కడనే యట. కలప గట్టిగా నిలిచినది. మొదటివారు హీనమని కొట్టివేసిన భాగము ఇది! వెనుకగదిలో కథ తారుమారైనది. బస్తాల చాటున గోడ నడుము ఎత్తు వరకు చెమ్మపట్టి, తెల్లని ఉప్పు పొర తేలి, పూత వ్రేలితో తాకిన రాలినది. బస్తాలు చెమ్మను పుట్టింపలేదు. ఆవలి ప్రక్క స్నానాలగది గొట్టము కారుచున్నది. కాని గాలి సోకనీయక, కంట పడనీయక, దానిని పెంచినవి బస్తాలే. స్లాబులో కడ్డీ త్రుప్పుపట్టి ఉబ్బి పెచ్చు లేచినది. అటకకు వేసిన కడప బండ పరుపుల క్రింద, గుండిగల క్రింద అడ్డముగ పగిలియున్నది.

బరువును గూర్చి ఆయన చెప్పిన లెక్క మాకు ఇప్పటికిని జ్ఞాపకము. నివాసపు గది నేలపై చదరపు మీటరుకు ఇంచుమించు 200 కిలోల బరువును లెక్కించి కట్టవలెనని 1987 నాటి భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. సామాను గదికి 300. 50 కిలోల బస్తాలు నాలుగు పేర్చినంతనే ఆ 200 నిండును. మేడపై గదిని కొట్టుగా మార్చువారు దీనిని తలచరు.

చూచు కాలము కూడ ముఖ్యమే. మన ప్రాంతమునకు పెద్దవానలు ఈశాన్య ఋతుపవనముతో వచ్చును. వైశాఖములో చూచిన గోడ కార్తికములో మరియొక గోడ. 2021 నవంబరు వానలకు తిరుపతి వీథులు ఏరులైనవి. శ్రీకృష్ణనగరులో భూమిలో పాతిన సిమెంటు వరల నీటితొట్టి నేలను చీల్చుకొని పైకి లేచి నిలుచుట జనులు వింతగా చూచిరి. అడుగుననున్న నీటికి అంత బలము. ఆ సంవత్సరపు నీటి గీతలు ఇప్పటికిని కొన్ని గోడలపై కలవు. క్రొత్తగ వెల్ల వేసిన ఇంటిలో అవియును కనబడవు. మా మట్టుకు, ముందురోజు సున్నము కొట్టించిన ఇంటికంటె బస్తాలు నిండిన ఇల్లే నమ్మదగినదని తోచును.

ఇంజనీరుగారి నివేదికలో మాకు నచ్చినది ఒక వాక్యము. వెనుకగది ఉత్తరపు గోడకు పెద్ద ఇనుప బీరువా ఆనియున్నది. అది ఆ దినము కదలలేదు. ఆ గోడ బాగున్నదనియు వ్రాయలేదు, చెడినదనియు వ్రాయలేదు. “చూడలేదు” అని వ్రాసెను. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ వారి ఇంటి పరీక్షలలో ఒక్కొక్క భాగమునకు 1, 2, 3 అని స్థితిసంఖ్య లిచ్చుటయే గాక, పరీక్షింపని దానికి వేరు గుర్తు కలదు. బరువైన సామానును సర్వేయరు కదలింపడు, కదలింపలేదని చెప్పును. మొదటివారు చేసినది దీనికి విరుద్ధము: చూడని గోడకు ఊహతో వెల తగ్గించిరి.

రెండవ వెల మొదటిదానికంటె పెరిగినది, చెల్లెండ్రు ఆశించినంత మాత్రము పెరుగలేదు. ముందుభాగమునకు కలిసినదానిలో కొంత వెనుకగదులు హరించినవి. అన్నగారు రెండు దినములు మాటలాడలేదు, తరువాత ఒప్పుకొనిరి. చూడని గోడ చెడిపోయియున్నచో మరమ్మతు ఖర్చు మువ్వురును పంచుకొనునట్లు కాగితముపై ఒక పంక్తి చేర్చితిమి.

సంక్రాంతికి నలుగురు పట్టి బీరువాను జరిపిరి. గోడ పొడిగానే యున్నది. అన్నగారు చెల్లెండ్రకు రావలసిన మొత్తమును రెండు వాయిదాలలో చెల్లించి, స్నానాలగది గొట్టము మార్పించిరి. పరుపులు మాత్రము మరల అటక ఎక్కలేదు. పగిలిన బండను కన్నులార చూచినది మొదలు తల్లిగారు వానిని ముందుగదిలోనే, గోడకు మూరెడు ఎడముగ, పేర్పించుచున్నారు.