ఎంత రుజువు చాలు?



ఈ రోజు పట్టా అందుకుంటున్న మీలో చాలామందివి తాడేపల్లిగూడెం, ఏలూరు, కైకలూరు చుట్టుపక్కల ఊళ్లే. కొల్లేటి లంకల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారని మీ అధ్యాపకులు చెప్పారు. అందుకే మన మధ్య జరిగిన రెండు సంగతులు ఎత్తుకుంటాను. రెండింటిలోనూ సైన్సు ఉంది, చట్టం ఉంది, బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఉంది. రెండింటిలోనూ మనం గట్టిగా వాదించుకున్నాం. సరిగ్గా వాదించుకోలేదని నా నమ్మకం.

మొదటిది ఏలూరు సంగతి. 2020 డిసెంబరు మొదటి వారాంతం. కరోనా భయం ఇంకా తగ్గలేదు. పడమర వీధి ప్రాంతంలో నిలబడ్డ మనుషులు నిలబడ్డట్టే పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోట నురగ, కళ్లు తిరగడం, వాంతులు. పిల్లలు, పెద్దలు, ఆడ, మగ తేడా లేదు. వారం తిరిగేసరికి బాధితులు 600 దాటారు. ఎక్కువమంది త్వరగానే కోలుకుని ఇళ్లకు వెళ్లారు. మనిషిని పోగొట్టుకున్న కుటుంబానికి మాత్రం ఆ మాట ఓదార్పు కాదు. మంగళగిరి, ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు, హైదరాబాదు నుంచి జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, నాగపూర్ నుంచి నీరి, పుణె నుంచి వైరాలజీ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం, అందరూ రంగంలోకి దిగారు.

వాళ్లు నమూనాలు తీసుకుంటూ ఉండగానే ఊళ్లో తీర్పులు వెలువడ్డాయి. కుళాయి నీళ్లే అన్నారు కొందరు. కరోనా కోసం చల్లిన బ్లీచింగే అన్నారు మరికొందరు. టీవీ చర్చల్లో పార్టీకో కారణం. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్న వార్త రాగానే ఇక తేలిపోయిందనుకున్నాం.

ఇక్కడ కాసేపు ఆగుదాం. జబ్బుపడ్డ మనిషి రక్తంలో సీసం కనిపించింది. దాని వల్లే జబ్బు వచ్చిందని చెప్పడానికి అది చాలుతుందా? పాత రంగులు, బ్యాటరీలు, కొన్నిరకాల పాత్రలు, వీటన్నిటి నుంచి సీసం మన దేశంలో ఎంతోమంది ఒంట్లోకి చేరుతూనే ఉంది. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. అదే వీధిలో ఉండి, మూర్ఛ రానివాళ్ల రక్తంలో సీసం ఎంత? ఇద్దరిలోనూ ఒకటే అయితే సీసం అక్కడ ముందునుంచీ ఉన్నదే, ఆ వారాంతంలో జరిగిన దానికి అది ఒక్కటే జవాబు కాలేదు. జబ్బుపడినవాళ్లలో ఎక్కువ, పడనివాళ్లలో తక్కువ అని తేలితే అనుమానం బలపడుతుంది. మన తర్కశాస్త్రం అన్వయం, వ్యతిరేకం అన్నది దీన్నే. కారణం ఉన్నచోట కార్యం ఉందా అని చూడడం సగం పని. కారణం లేనిచోట కార్యం లేకుండా పోయిందా అని చూడడం మిగతా సగం. మన బహిరంగ చర్చల్లో దాదాపు ఎప్పుడూ మొదటి సగంతోనే సభ ముగుస్తుంది.

నీళ్ల వాదనకూ ఇదే పరీక్ష. బాధితులు ఒకే చోటి నీళ్లు తాగినవాళ్లు కారని అధికారులు అప్పుడే చెప్పారు. అంత మాత్రాన నీళ్లు నిర్దోషి అయిపోవు. నీళ్లే కారణం అన్నవాళ్లు ఈ తేడాకు సమాధానం చెప్పుకోవాలి, అంతే. డిసెంబరు మధ్యలో ముఖ్యమంత్రి జరిపిన సమీక్షలో నిపుణులు పురుగుమందుల అవశేషాల వైపు మొగ్గారు. అవి ఒంట్లోకి ఎలా చేరాయో తేలాలంటే దీర్ఘకాలం అధ్యయనం చేయాలన్నారు. ఆ మాట వినగానే చాలామందికి విసుగొచ్చింది. ఇంతమంది శాస్త్రవేత్తలు వచ్చి తేల్చింది ఇంతేనా అన్నారు. నేను మాత్రం ఆ మాటను గౌరవిస్తాను. ఇంతవరకు తెలుసు, ఇక్కడి నుంచి తెలియదు అని గీత గీసి చూపించడం శాస్త్రవేత్త చేయగలిగిన కష్టమైన పనుల్లో ఒకటి.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పదలచుకున్నది అదే. కారణం తేలలేదు కాబట్టి చేయి కదపకూడదా? ఆసుపత్రిలో డాక్టరు కారణం తేలేదాకా ఆగలేదు. మూర్ఛకు మందు ఇచ్చాడు. ఫలానా నీటి మీద సహేతుకమైన అనుమానం ఉంటే మున్సిపల్ కమిషనర్ ఆ కుళాయి కట్టేసి ట్యాంకర్ పంపవచ్చు. అనుమానం తప్పని తేలితే పోయేది నాలుగు రోజుల ట్యాంకర్ ఖర్చు. ఒక వ్యాపారి మీద నష్టపరిహారం దావా వేయాలంటే అంతకన్నా ఎక్కువ కావాలి, ఏది ఎక్కువ సంభవమో సాక్ష్యం చూపాలి. ఒక మనిషిని జైలుకు పంపాలంటే సహేతుకమైన అనుమానానికి తావే ఉండకూడదు. వీళ్లందరి ముందూ ఉన్న సంఘటన ఒకటే. కానీ ఎంత రుజువు చాలు అన్నది ఆ రుజువు పట్టుకుని ఏం చేయబోతున్నాం, పొరపాటు జరిగితే దెబ్బ ఎవరికి తగులుతుంది అన్నదాన్ని బట్టి మారుతుంది. జైలుకు పంపడానికి కావలసినంత రుజువు చూపిస్తేనే కుళాయి కడతామనే అధికారి తప్పు చేస్తున్నాడు. కుళాయి కట్టడానికి చాలినంత అనుమానంతోనే మనిషిని దోషి అనేసే టీవీ యాంకరూ తప్పు చేస్తున్నాడు.

మొదటి తప్పు ఎంత దూరం పోతుందో జపాన్‌లో మినమాట ఊరు చూసింది. అక్కడ నరాల జబ్బు ఒకటి 1956లో అధికారికంగా నమోదైంది. అక్కడి బీదలు సముద్రం మీద బతికే జాలరులు. పట్టిన చేపే వాళ్ల అన్నం. ఆ చేపల అమ్మకం ఆపుతామని స్థానిక పాలకులు 1957లో అడిగితే, అఖాతంలోని చేపలన్నీ విషపూరితమని స్పష్టమైన ఆధారం లేదని టోక్యోలోని ఆరోగ్య శాఖ జవాబు రాసింది. 1959లో కుమమోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసం వైపు వేలు చూపించారు. చిస్సో రసాయన కర్మాగారం నుంచి వచ్చిన మిథైల్ పాదరసమే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. రుజువు చాలలేదంటూ గడిపిన ఆ ఏళ్లన్నీ ఆ జనం ఆ చేపలే తిన్నారు. చేపల నేల మీద పుట్టిన మీకు ఈ కథ వేరే విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు కొల్లేరు. ఈ ప్రాంతంలో పుట్టినవాడికి ఐదో కాంటూరు, మూడో కాంటూరు అన్న మాటలు చిన్నప్పటి నుంచే చెవిన పడతాయి. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత దాకా లెక్కేస్తే సరస్సు 308 చదరపు కిలోమీటర్లు. మూడడుగుల గీత దాకా అయితే 135. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం ప్రకటించారు. 2002లో సరస్సు చిత్తడి నేలల అంతర్జాతీయ రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు తగ్గించమని శాసనసభ తీర్మానించింది. కేంద్రం వేసిన అజీజ్ సంఘం తగ్గించవద్దంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఒకసారి ప్రకటించిన అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావాలి. ప్రతి ఎన్నికలోనూ కాంటూరు తగ్గింపు హామీ అవుతుంది. హామీ ఇచ్చేవాళ్లలో మండలి సిఫారసు కావాలన్న సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

ఈ గొడవను గమనించండి. మూడా, ఐదా అని అడిగితే వినడానికి సర్వేయర్ తేల్చే ప్రశ్నలా ఉంటుంది. నిజానికి అందులో మూడు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. వానాకాలంలో నీళ్లు ఎంతవరకు ఎక్కుతాయి, ఎన్నాళ్లు నిలుస్తాయి? ఇది కొలిచి తేల్చవచ్చు. ఆ గీత లోపల ఎవరి జిరాయితీ ఎంత, ఎవరి డీ-ఫారం పట్టా ఎంత, ఎవరిది ఆక్రమణ? ఇది రికార్డులు తేల్చాలి. సరస్సు నిలబడడం వల్ల అందరికీ మేలు జరుగుతుంటే, ఆ మేలుకు మూల్యం ఒక్క లంక గ్రామాల వాళ్లే ఎందుకు కట్టాలి? దీన్ని ఏ పరికరమూ తేల్చదు. న్యాయం ఆలోచించి మనమే తేల్చుకోవాలి. మూడో ప్రశ్నకు జవాబు చెప్పడం ఇష్టం లేనివాళ్లు మొదటి ప్రశ్న వెనక దాక్కుంటారు. కాంటూరు తగ్గించమనేవాళ్లు తమ నష్టాన్ని సూటిగా చెప్పకుండా అసలు అక్కడ సరస్సే లేదంటారు. తగ్గించవద్దనేవాళ్లు నీటి లెక్కలు చూపించి, పరిహారం మాట ఎత్తరు.

నా మాట సూటిగా చెబుతాను. ఐదో కాంటూరు ఉండాలన్నదే నా అభిప్రాయం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరద ఎక్కడో ఒకచోట పరుచుకోవాలి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే, సముద్రం దాకా సుమారు 60 కిలోమీటర్లు మెల్లగా పోవాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి చేరవలసింది ఈ కొల్లేటికే. ఈ మాట అంటూనే ఇంకోటి కూడా అనాలి. 1970ల్లో మత్స్యకార సొసైటీలు పెట్టించి, చెరువులు తవ్వమని ప్రోత్సహించింది ప్రభుత్వమే. ముప్పై ఏళ్ల తర్వాత ఆ గట్లు పేల్చిందీ ప్రభుత్వమే. సొసైటీలో పేరున్న మత్స్యకారుడూ, ఆ చెరువును లీజుకు తీసుకుని లాభం చేసుకున్న పెద్ద మనిషీ ఒకే తప్పు చేయలేదు. బాధ్యతను పంచేటప్పుడు ఎవరికి ఎంత తెలుసు, ఎవరి చేతిలో ఎంత ఉంది, ఎవరు ఎంత సంపాదించారు అని చూడాలి. అందరిదీ తప్పే అంటే ఎవరిదీ కాదన్నట్టే అవుతుంది.

వరదకు కారణం గట్లే అని ఒకరు, ఉప్పుటేరులో పేరుకున్న పూడికే అని ఇంకొకరు పోట్లాడుకోవడం మీరు విని ఉంటారు. రెండూ నిజం కావచ్చు. ఏది ఎంత అన్నదే ప్రశ్న. దానికి జవాబు కొలతల్లో ఉంటుంది, గొంతులో ఉండదు. ఇంకో అలవాటు కూడా మానుకోవాలి. మాట్లాడేవాడికి చెరువుంది కాబట్టి అతని మాట అబద్ధం, మాట్లాడేవాడు పక్షుల సంఘం వాడు కాబట్టి అతనికి మనుషులంటే లెక్కలేదు అనడం. ఎవరి లాభం ఎక్కడుందో తెలుసుకోవడం మంచిదే, దానివల్ల ఆ మాటను మరింత జాగ్రత్తగా పరీక్షిస్తాం. పరీక్షించడం మాత్రం మానకూడదు.

మీలో న్యాయశాస్త్రం చదివినవాళ్ల కోసం, నిజానికి అందరి కోసం, ఒక తీర్పు గుర్తుచేస్తాను. హైదరాబాదు శివార్లలో హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జంట జలాశయాలకు పది కిలోమీటర్ల లోపల ఆముదం నూనెతో ఉత్పత్తులు చేసే ఫ్యాక్టరీ ఒకటి పెట్టబోయారు. కాలుష్య నియంత్రణ మండలి వద్దంది. కాలుష్యం రాదని నిపుణుల అఫిడవిట్లు వచ్చాయి. అప్పీలు అధికారి సరేనన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. 1999లో ఆ కేసులో తీర్పు రాసింది మన తెలుగువారు, జస్టిస్ ఎం. జగన్నాధరావు గారు. శాస్త్రం పూర్తిగా తేల్చి చెప్పలేని చోట కోర్టు ఏం చేయాలన్న ప్రశ్నను ఆయన దాటవేయలేదు. ముప్పు లేదని చూపవలసిన భారం, ఉన్న పరిస్థితిని మార్చదలచినవాడిదే అన్నారు. రెండు జలాశయాల నీళ్లు తాగేవాళ్లు ముందుగా విషాన్ని రుజువు చేయనక్కర్లేదు. ఇలాంటి వివాదాల్లో న్యాయమూర్తుల పక్కన శాస్త్రవేత్తలూ కూర్చోవాలని కూడా ఆ తీర్పు కోరింది. 2003లో ఆయన అధ్యక్షతన లా కమిషన్ ఇదే సిఫారసు చేసింది. 2010లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. అందులో న్యాయ సభ్యులతో పాటు నిపుణ సభ్యులూ ఉంటారు. తన శాస్త్రానికి ఎక్కడ హద్దుందో ఎరిగిన న్యాయమూర్తి వల్ల ఒక వ్యవస్థే పుట్టింది.

రేపు మీ ముందుకు సంతకం కోసం కాగితాలు వస్తాయి. నీటి నమూనా నివేదిక, వంతెన డిజైన్, మందు పిచికారీ సిఫారసు, అఫిడవిట్. కనిపించలేదు అని రాసే ముందు ఒక్క క్షణం ఆగండి. వెతికితే కనిపించలేదా, వెతకనే లేదా, మన పరికరం అంత తక్కువ మోతాదును పట్టలేదా? ఈ మూడింటిలో ఏదో రాయండి. పైవాళ్లు ఆ వాక్యం తీసేయమంటే, తీసేయమన్నారని ఫైల్లో రాయించండి. ఉద్యోగం కొత్తలో ఇది ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను.

అంతకన్నా దగ్గరలో ఇంకో పని ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం చాలా పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. పూర్తి నివేదిక కలెక్టరేట్‌లోనూ జిల్లా పరిశ్రమల కేంద్రంలోనూ చూడవచ్చు. ఈసారి మీ మండలంలో అలాంటి ప్రకటన పడితే వెళ్లి ఆ నివేదిక చదవండి. సారాంశంలో లేనిది పూర్తి ప్రతిలో ఏముందో రాసుకోండి. రచ్చబండ దగ్గర కూర్చుని మీ ఊరివాళ్లకు తెలుగులో చెప్పండి. అనుకూలమో వ్యతిరేకమో మీరు ముందే తేల్చి పెట్టకండి, వాళ్లు అడిగే ప్రశ్నలు వినండి. సేకరణ రోజున వాటిని అడగండి. చివర్లో అధికారులు ఆ రోజు జరిగినదంతా సభకు తెలుగులో చదివి వినిపించాలి. మీ ఊరి ప్రశ్న అందులో చేరిందో లేదో విని, చేరకపోతే చేర్పించాకే ఇంటికి వెళ్లండి.